అమెరికా హైస్కూల్ రూల్స్: విన్నది సగం, నిజం ఎంత?

“నైన్త్ గ్రేడ్ మార్కులు కాలేజీలు చూడవట” అన్న మాట అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా స్కూళ్ళు తెరిచే రోజుల్లో ఒకసారైనా తిరుగుతుంది. పూర్తిగా గాలికబురని కొట్టిపారేయలేం. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు జీపీఏ (గ్రేడ్ల సగటు) లెక్క కట్టేటప్పుడు టెన్త్, ఎలెవెన్త్ గ్రేడ్ల కోర్సులనే తీసుకుంటాయి. అంతవరకు నిజమే. అయితే తప్పనిసరి కోర్సుల్లో నైన్త్‌లో చదివినవాటికి కూడా కనీసం ‘సి’ రావాలని అదే యూనివర్సిటీ అడుగుతుంది. దేశంలో మిగతా కాలేజీల్లో చాలావరకు నాలుగేళ్ళ గ్రేడ్ల పట్టిక అయిన ట్రాన్‌స్క్రిప్ట్‌నూ తిరగేస్తాయి. శాన్ హోసేలో సగం నిజంగా బయల్దేరిన మాట న్యూజెర్సీ చేరేసరికి పూర్తి అబద్ధం అవుతుంది.

హైస్కూల్ గురించి మనవాళ్ళలో తిరిగే అపోహల్లో చాలావాటి పుట్టుక ఇలాగే ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఎవరికో అది నిజమే. కాకపోతే ఆ రూల్ పెట్టినవాళ్ళు వేరు, మన పిల్లలకి వర్తించే రూల్ పెట్టేవాళ్ళు వేరు. మనం బోర్డుల దేశం నుంచి వచ్చాం. సిలబస్, పరీక్ష, పాస్ మార్కు, సర్టిఫికెట్ అన్నీ ఒకేచోట తేలిపోతాయన్నది మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇక్కడ దేశమంతటికీ కలిపి బోర్డు లేదు. ఫెడరల్ చట్టాలు కొన్ని హక్కులు ఇస్తాయి: రికార్డుల గోప్యత, వైకల్యం ఉన్న పిల్లల చదువు, వివక్ష లేకపోవడం వంటివి. డిప్లొమాకి కనీసం ఏం చదవాలో, ఎన్ని రోజులు బడికి రావాలో రాష్ట్రం చెప్తుంది. జీపీఏ ఎలా కట్టాలి, ర్యాంకు ఇవ్వాలా వద్దా, కోర్సు ఎప్పటిలోగా వదులుకోవచ్చు అన్నవి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థ) చేతిలో ఉంటాయి. అలాంటి డిస్ట్రిక్టులు దేశంలో సుమారు 13,000. ఆలస్యంగా ఇచ్చిన హోంవర్క్‌కి మార్కులు వేయాలా అన్నది చాలాచోట్ల టీచర్ ఇష్టం. కాలేజీ అడ్మిషన్ ఆఫీసు వీళ్ళెవరి మాటా వినదు, దాని లెక్క దానిది. అందుకని ఏ మాట చెవిన పడ్డా ముందు అడగాల్సింది “ఈ రూల్ ఎవరిది?” అని.

పాసైతే చాలదు

డిప్లొమాకి కావలసింది, కాలేజీకి కావలసింది ఒకటేననుకోవడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం హైస్కూల్ పూర్తవడానికి రెండేళ్ళ మ్యాథ్స్ ఉంటే చాలంటుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి కనీసం మూడేళ్ళ మ్యాథ్స్ కావాలి. ఆ మూడూ కలుపుకుని వాళ్ళు చెప్పిన పదిహేను కోర్సులుండాలి, ప్రతిదానిలోనూ ‘సి’ తగ్గకూడదు. స్కూల్లో ‘డి’ వచ్చినా క్రెడిట్ వస్తుంది, పోర్టల్‌లో కోర్సు పూర్తయినట్టే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు గట్టెక్కాడనుకుంటారు. యూనివర్సిటీ దృష్టిలో ఆ కోర్సు చదవనట్టే. వేసవిలో మళ్ళీ చదివి ‘సి’ తెచ్చుకునే దారి ఉంది కానీ, ఆ సంగతి ట్వెల్త్ గ్రేడ్ అక్టోబరులో బయటపడితే చేయగలిగింది పెద్దగా ఉండదు.

టెక్సాస్‌లో కథ ఇంకోరకం. అక్కడ కనీస డిప్లొమాకి 22 క్రెడిట్లు చాలు. ఎండార్స్‌మెంట్ అనే ప్రత్యేక బాటతో పూర్తిచేస్తే 26. ఈ నాలుగు క్రెడిట్ల తేడా చిన్నదని వదిలేసేవాళ్ళు ఒక సంగతి గమనించరు. 1997లో వచ్చిన చట్టం ప్రకారం క్లాసులో మొదటి 10 శాతంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఉంది. దానికి ర్యాంకు ఒక్కటే సరిపోదు. ఎండార్స్‌మెంట్, ఆల్జీబ్రా టూతో కలిపి నాలుగు మ్యాథ్స్, నాలుగు సైన్స్ క్రెడిట్లు ఉన్న ‘డిస్టింగ్విష్డ్’ స్థాయి పూర్తిచేసి ఉండాలి. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఆస్టిన్ క్యాంపస్‌కైతే మొదటి 10 శాతం కూడా చాలదు, అక్కడి గీత 2026 ఫాల్ నుంచి 5 శాతానికి దిగింది. అందులోనూ ఆ అడ్మిషన్ యూనివర్సిటీకే, కోరిన కోర్సుకి కాదు. ఆటోమేటిక్‌గా లోపలికి వెళ్ళిన పిల్లాడికి కంప్యూటర్ సైన్స్ రాకపోతే “రూల్ మార్చేశారు” అని వాపోవడం మన దగ్గర మామూలే. మారిందేమీ లేదు, మొదటి నుంచీ అంతే.

పరీక్షల విషయంలోనూ రాష్ట్రం రాష్ట్రానికీ తేడా. కాలిఫోర్నియాలో తల్లిదండ్రులు లిఖితపూర్వకంగా అడిగితే రాష్ట్ర పరీక్షల నుంచి పిల్లలకి మినహాయింపు దొరుకుతుంది. టెక్సాస్‌లో హైస్కూల్ డిప్లొమాకి ఐదు సబ్జెక్టుల రాష్ట్ర పరీక్షలు ముడిపడి ఉన్నాయి. కాలిఫోర్నియా నుంచి డాలస్‌కి మారిన కుటుంబం “మేం ఎప్పుడూ ఆప్ట్ అవుట్ చేస్తాం” అంటే అక్కడ చెల్లదు.

4.6 అంటే ఎంత?

జీపీఏ గురించి నిజం చెప్పాలంటే మనం పడే ఆందోళనలో సగం అనవసరం. ఒక డిస్ట్రిక్ట్‌లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కోర్సులో ‘ఏ’ వస్తే 5 పాయింట్లు. మరోచోట లెక్కే 6 మీద నడుస్తుంది. ఇంకోచోట కష్టమైన కోర్సుకి అదనపు పాయింట్లిచ్చే వెయిటేజీయే లేదు. కాబట్టి ఫలానావాళ్ళ అమ్మాయి 4.6 అంటే ఎక్కడి 4.6 అని తెలియకుండా పోలిక పెట్టడంలో అర్థం లేదు. ఈ తేడాలు కాలేజీలకి తెలుసు. ట్రాన్‌స్క్రిప్ట్‌తో పాటు స్కూళ్ళు సాధారణంగా ‘స్కూల్ ప్రొఫైల్’ అనే చిన్న పత్రం పంపుతాయి. ఆ స్కూల్లో ఏ ఏపీలున్నాయి, గ్రేడ్లు ఎలా వేస్తారు, మొత్తం క్లాసు ఎలా చదువుతోంది అన్నది అందులో ఉంటుంది. చాలా స్కూళ్ళ వెబ్‌సైట్లలోనే దొరికే ఈ ఒకటి రెండు పేజీల్ని చదివిన తల్లిదండ్రులు అరుదు. పక్కింటివాళ్ళ సలహాకన్నా దాంతో ఎక్కువ తెలుస్తుంది.

ఎన్ని ఏపీలు తీసుకుంటే అంత మంచిదన్నదీ ఇలాంటిదే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అదనపు పాయింట్లని ఎనిమిది సెమిస్టర్లకే పరిమితం చేస్తుంది, ఆపైన తీసుకున్నవి దాని జీపీఏని పెంచవు. మే నెలలో రాసే ఏపీ పరీక్షకి వచ్చే 1 నుంచి 5 స్కోరుకీ, క్లాసులో వచ్చే గ్రేడుకీ సంబంధం లేదు. పరీక్షలో 2 వచ్చిందని జీపీఏ తగ్గదు. క్లాసులో ‘సి’ తెచ్చుకుని పరీక్షలో 5 కొట్టినా ట్రాన్‌స్క్రిప్ట్‌లో ‘సి’ అలాగే ఉంటుంది.

డ్యూయల్ క్రెడిట్ మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీ కోర్సు, చాలాచోట్ల ఫీజు లేకుండా లేదా నామమాత్రపు ఫీజుతో. పదహారేళ్ళ పిల్లాడు “ట్రై చేసి చూస్తా” అంటాడు, మనమూ సరే అంటాం. అక్కడ వచ్చే గ్రేడు ఆ కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. రేపు మెడికల్ స్కూల్‌కి అప్లై చేసేటప్పుడు చదివిన ప్రతి కాలేజీ ట్రాన్‌స్క్రిప్టూ అడుగుతారు, హైస్కూల్ రోజుల్లో చదివింది కూడా. పైగా కాలేజీ కోర్సులో చేరాక ఆ రికార్డు మీద హక్కు పిల్లవాడిది, వయసు పదహారైనా సరే. కాలేజీకి ఫోన్ చేసి “మావాడికి ఎన్ని మార్కులొచ్చాయి” అంటే చెప్పకపోవచ్చు.

ఇండియా ట్రిప్

డిసెంబరు సెలవులకి అటొక వారం, ఇటొక వారం కలుపుకుని సంక్రాంతి చూసుకుని రావడం మనలో చాలామంది చేసే పనే. “ముందే ఈమెయిల్ పెట్టాం, ఎక్స్‌క్యూజ్డ్ ఆబ్సెన్స్ ఇచ్చారు, ఏం కాదు” అన్న ధీమాలో రెండు వేరువేరు లెక్కలు కలిసిపోతున్నాయి. స్కూలు రోజుల్లో 10 శాతం, లేదా అంతకన్నా ఎక్కువ పోతే క్రానిక్ ఆబ్సెంట్ అంటారు. 180 రోజుల ఏడాదిలో అది 18 రోజులు. ఈ లెక్కలో కారణంతో పనిలేదు, జ్వరమైనా ప్రయాణమైనా ఒకటే. టెక్సాస్‌లో ఇంకో మెలిక ఉంది. క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే పరీక్షలన్నీ పాసైనా ఆ కోర్సు క్రెడిట్ ఆగుతుంది. ప్రిన్సిపల్ ఒప్పుకున్న పద్ధతిలో లోటు పూడ్చుకోవాలి, లేదంటే అటెండెన్స్ కమిటీ ముందుకి వెళ్ళాలి. ఎక్కువ రోజులు వరసగా రాకపోతే పేరు తీసేసే డిస్ట్రిక్టులూ ఉన్నాయి. ఇంటి దగ్గరి స్కూలైతే తిరిగొచ్చి చేర్పించుకోవచ్చు. లాటరీలో సీటు వచ్చిన మ్యాగ్నెట్ (ప్రత్యేక కార్యక్రమం ఉన్న పబ్లిక్) స్కూలైతే ఆ సీటు ఉంటుందో లేదో టికెట్లు కొనేముందే అడగాలి.

పండగ రోజుల సంగతి మాత్రం మనం అనుకునేదానికన్నా నయం. మతపరమైన పండగకి, దానికోసం చేసే ప్రయాణానికి సెలవు ఇవ్వాలని టెక్సాస్ చట్టంలోనే ఉంది. చాలా రాష్ట్రాల్లో ఇలాంటి వెసులుబాటు ఉన్నా, దీపావళి రోజు పిల్లకి “స్టమక్ పెయిన్” అని రాసి పంపేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఉన్న హక్కు వాడుకోవడానికి అబద్ధం ఎందుకో!

“రికార్డులో పడుతుంది”

పై అపోహలతో పోయేది క్రెడిట్లూ పాయింట్లే. పిల్లల్ని నిజంగా నష్టపెట్టే అపోహ ఐఈపీ, 504 ప్లాన్ల గురించినది. వైకల్యం ఉన్న పిల్లలకి ప్రత్యేక బోధన కోసం రాసే ప్రణాళిక ఐఈపీ, మామూలు క్లాసులోనే సర్దుబాట్లు ఇచ్చేది 504 ప్లాన్. పిల్లాడికి చదవడంలో ఇబ్బంది ఉంది, లేదా ఏకాగ్రత నిలవడం లేదు, లేదా ఆందోళనతో పరీక్ష హాల్లో చెయ్యి కదలడం లేదు. టీచర్ ఎవాల్యుయేషన్ మాట ఎత్తగానే ఇంట్లో మొదట వచ్చే భయం “రికార్డులో పడితే కాలేజీ రాదు” అని. వాయిదా మీద వాయిదా వేసి ట్వెల్త్ గ్రేడ్ వరకు ట్యూషన్లతో లాక్కొస్తారు.

1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1975లో మొదలై తర్వాత ఐడీఈఏగా మారిన వైకల్యం ఉన్న పిల్లల చదువు చట్టం ఈ పిల్లలకి రక్షణ. కాలేజీలకి వెళ్ళే ట్రాన్‌స్క్రిప్ట్‌లో పిల్లవాడికి ప్లాన్ ఉందనీ, వైకల్యం ఉందనీ రాయకూడదన్నది సాధారణ నియమం. అడ్మిషన్ ఇచ్చేముందు “నీకు వైకల్యం ఉందా” అని కాలేజీ అడగకూడదు. కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్ఏటీలో అదనపు సమయం తీసుకున్నవాళ్ళ స్కోరు పక్కన గుర్తుపెట్టే పద్ధతిని దాన్ని నిర్వహించే కాలేజ్ బోర్డు 2003లోనే మానేసింది. అంటే మనం భయపడే “మచ్చ” అసలు చేరాల్సిన చోటికి చేరదు. చేరేదల్లా సాయం: పరీక్షకి అదనపు సమయం, ప్రశాంతమైన గది, నోట్స్, అవసరమైతే ప్రత్యేక బోధన.

మార్కులు బాగా వచ్చే పిల్లలకి ఇవి ఇవ్వరనడం కూడా తప్పే. ‘ఏ’లు తెచ్చుకుంటూ దానికోసం రాత్రి రెండింటి దాకా కూర్చునే పిల్లలకీ అర్హత ఉండొచ్చు. అడగడం మాత్రం నోటిమాటతో వద్దు. “మా అబ్బాయికి స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ చేయమని కోరుతున్నాం” అని తేదీతో ఈమెయిల్ పెట్టండి. స్కూలు ఒప్పుకుంటే మీరు అనుమతి పత్రం మీద సంతకం పెడతారు, ఫెడరల్ రూల్ ప్రకారం అప్పటినుంచి 60 రోజుల్లో పరీక్షలు పూర్తిచేయాలి, రాష్ట్రం వేరే గడువు పెట్టుకుంటే అది. స్కూలు కాదంటే ఎందుకు కాదన్నారో లిఖితపూర్వకంగా చెప్పాలి. హాల్లో టీచర్ కనబడినప్పుడు అన్న మాటకి ఈ గడియారం తిరగదు.

ఐఈపీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది మరొకటుంది. ఐడీఈఏ కింద సేవలు ఫెడరల్ చట్టం ప్రకారం 21 ఏళ్ళ వరకు సాగొచ్చు. రెగ్యులర్ డిప్లొమా చేతికిచ్చిన రోజున మాత్రం అవి ఆగిపోతాయి. తీవ్రమైన వైకల్యం ఉన్న బిడ్డకి పద్దెనిమిదేళ్ళకే డిప్లొమా తీసుకోవడం సంతోషంగా కనిపించినా, దాంతోపాటు వృత్తి శిక్షణ, సొంతంగా బతకడం నేర్పే కార్యక్రమాలూ పోతాయి. తోటివాళ్ళతో స్టేజీ మీద నడిచి, డిప్లొమా తర్వాత తీసుకునే వీలు చాలాచోట్ల ఉంది. ఆ నిర్ణయం ఐఈపీ మీటింగ్‌లో ముందే మాట్లాడుకోవాలి. ఇక కాలేజీకి ఐఈపీ వెంట రాదు. అక్కడ డిజబిలిటీ ఆఫీసుకి విద్యార్థే కాగితాలతో వెళ్ళి అడగాలి.

రికార్డు భయమే మరోచోట కూడా పనిచేస్తుంది. స్కూల్లో చేర్చేటప్పుడు ఇచ్చే ఫారంలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఉంటుంది. తెలుగని రాస్తే ఈఎస్ఎల్ (ఇంగ్లిష్ అదనంగా నేర్పే) క్లాసులో పడేస్తారని “ఇంగ్లిష్” అని రాసేస్తారు. తెలుగని రాస్తే జరిగేది ఒక ఇంగ్లిష్ పరీక్ష. దాంట్లో గట్టెక్కిన పిల్లలు మామూలు క్లాసుకే వెళ్తారు. గట్టెక్కకపోయినా ఆ సేవలు వద్దనే హక్కు తల్లిదండ్రులకి ఉంది, ఏటా జరిగే పరీక్ష మాత్రం తప్పదు. ఇండియా నుంచి పదిహేనేళ్ళకి వచ్చిన పిల్లకి ఆ సాయం ఒక ఏడాది అందితే కెమిస్ట్రీ పాఠం తెలుస్తుంది. వద్దనే ముందు కాస్త ఆలోచించాలి.

వీసా, అడ్రసు, పద్దెనిమిదేళ్ళు

ఇమిగ్రేషన్ స్థితిని బట్టి పబ్లిక్ స్కూల్ చదువు నిరాకరించకూడదని 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేని హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) పిల్లలకి ఆ నంబర్ లేదని అడ్మిషన్ ఆపడానికి లేదు. ఆ ప్రాంతంలో నివాసం ఉన్నట్టు రుజువు మాత్రం అడుగుతారు.

దీన్నుంచి ఇంకో తప్పు లెక్క పుడుతుంది: “మా అక్క కూతుర్ని స్టూడెంట్ వీసా మీద పిలిపించి మా ఇంట్లో ఉంచి పక్కనున్న హైస్కూల్లో చదివిద్దాం” అని. ఎఫ్1 అనే ఆ స్టూడెంట్ వీసా మీద పబ్లిక్ హైస్కూల్లో మొత్తం కలిపి 12 నెలలు మించి చదవడానికి వీల్లేదు. ఆ చదువుకయ్యే పూర్తి ఖర్చు డిస్ట్రిక్ట్‌కి ముందే కట్టాలి. ప్రైవేట్ స్కూలుకి ఈ పరిమితి లేదు. విజిటర్ వీసా మీద బడిలో చేర్చే ఆలోచనైతే అసలే వద్దు.

మంచి స్కూలు కోసం స్నేహితుల అడ్రసు వాడుకోవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. డిస్ట్రిక్టులు ఇంటికొచ్చి మరీ చూస్తాయి. టెక్సాస్‌లో తప్పుడు సమాచారంతో చేర్పించడం నేరం, ఆ కాలానికి ట్యూషన్ ఫీజు కూడా కట్టించుకోవచ్చు.

గోప్యత చట్టం ఫెర్పా 1974 నాటిది. పిల్లల రికార్డులు చూపించమని తల్లిదండ్రులు అడిగితే స్కూలు 45 రోజుల్లోపు చూపించాలి. పద్దెనిమిదో పుట్టినరోజుతో ఆ హక్కు పిల్లలకి మారుతుంది, వాళ్ళింకా ట్వెల్త్‌లోనే ఉన్నా సరే. పన్ను పత్రాల్లో మీ మీద ఆధారపడినవాళ్ళుగా చూపిస్తే స్కూలు మీకు సమాచారం ఇవ్వొచ్చు, ఇచ్చితీరాలని లేదు. ఇంకో చిన్న సంగతి: హైస్కూల్ పిల్లల పేరు, అడ్రసు, ఫోన్ నంబరు మిలిటరీ రిక్రూటర్లు అడిగితే స్కూలు ఇవ్వాలి, మీరు వద్దని రాసిస్తే తప్ప. ఆ ఫారం ఆగస్టులో వచ్చే కాగితాల గుట్టలోనే ఉంటుంది.

శిక్షల దగ్గర

సస్పెండ్ చేస్తే స్కూలు చెప్పిందే వేదమని మనవాళ్ళు తలొంచుకుంటారు. సుప్రీంకోర్టు 1975లో ఇచ్చిన గాస్ వర్సెస్ లోపెజ్ తీర్పు ప్రకారం పది రోజుల్లోపు సస్పెన్షన్‌కి కూడా ఆరోపణ ఏమిటో పిల్లవాడికి చెప్పాలి, వాడి వైపు వాదన వినాలి. అదే సమయంలో, బ్యాగు వెతకడానికి స్కూలుకి పోలీసుల్లా వారంట్ అక్కర్లేదు, సహేతుకమైన అనుమానం చాలని 1985లో అదే కోర్టు చెప్పింది. ఇంట్లో కూర్చుని ఫోన్లో పెట్టిన పోస్టుకి స్కూలుకేం సంబంధం అన్న ప్రశ్నకి 2021లో ఆ కోర్టు నుంచే జవాబు వచ్చింది. బడి బయట మాటల మీద స్కూలు అధికారం తక్కువే, అయితే బెదిరింపులు, తోటివాళ్ళని వేధించడం లాంటివాటిలో పూర్తిగా పోలేదు. “రేపు స్కూల్ పేల్చేస్తా” అని గ్రూప్ చాట్‌లో జోకేసిన పిల్లాడి దగ్గరికి ప్రిన్సిపల్‌కన్నా ముందు పోలీసులు రావొచ్చు. అప్పుడు స్కూల్ రూల్స్ కన్నా లాయర్ అవసరం ఎక్కువ.

చివరిది ట్వెల్త్ గ్రేడ్ రెండో సెమిస్టర్. మార్చిలో అడ్మిషన్ లెటర్ రాగానే చదువైపోయిందనుకునే పిల్లలు, పోనీలే అలిసిపోయారనుకునే తల్లిదండ్రులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ ఉత్తరం చివరి పేరాల్లో షరతు ఉంటుంది: మీరు చెప్పిన కోర్సులన్నీ పూర్తిచేయాలి, గ్రేడ్లు ఇదే స్థాయిలో ఉండాలి, ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ పంపాలి. అప్లికేషన్లో ఏపీ కాల్‌క్యులస్ రాసి ఫిబ్రవరిలో దాన్ని వదిలేస్తే స్కూలు అభ్యంతరం పెట్టకపోవచ్చు, కౌన్సెలర్ సంతకం కూడా పెట్టొచ్చు. కాలేజీకి మాత్రం వదిలేముందే ఈమెయిల్ పెట్టి, “ఫర్వాలేదు” అన్న జవాబు చేతికొచ్చాకే డ్రాప్ ఫారం నింపాలి.